స్విచ్ 2 గ్రాఫిక్స్ పవర్ సరిపోతుందా? థర్డ్ పార్టీ గేములు ఈసారైనా నిలబడతాయా?

బెజవాడ_హ్యాండ్‌హెల్డ్:

అందరికీ నమస్తే. నింటెండో కొత్త కన్సోల్ స్విచ్ 2 విడుదల తేదీ, 2025 జూన్ 5, దగ్గర పడిపోయింది, నేనింకా తేల్చుకోలేకపోతున్నా, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మా పెదనాన్నగారి అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, జులైలో మా చెల్లి పెళ్ళికి వస్తున్నాడు, "స్విచ్ 2 కావాలంటే ఇప్పుడే చెప్పు తమ్ముడూ, ఇక్కడ కూడా దొరకడం కష్టంగానే ఉంది, నేను వెతకడం మొదలెట్టాలి" అన్నాడు. మన దగ్గర నింటెండో అఫీషియల్‌గా అమ్మదు, బయట నుంచి తెప్పించి అమ్మేవాళ్ళు ఎంత చెప్తారో మీకు తెలిసిందే, ఈ ఛాన్స్ పోతే మళ్ళీ ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగాలి. అక్కడ ధర 449.99 డాలర్లు, అంటే మన లెక్కలో 38 వేల పైచిలుకు, అది కాక మారియో కార్ట్ వరల్డ్ ఒక్కటే 80 డాలర్లట. నాకది చిన్న మొత్తం కాదు.

నా దగ్గర స్విచ్ ఓఎల్‌ఈడీ ఉంది, 2021 నుంచి వాడుతున్నా, జెల్డా, మెట్రాయిడ్ ప్రాణం పెట్టి ఆడా, నింటెండో సొంత గేముల మీద నాకే కంప్లయింటూ లేదు. బాధంతా థర్డ్ పార్టీతోనే, అంటే బయటి కంపెనీల గేములతోనే. పేరు చెప్పను గానీ ఒక పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్ పూర్తి రేటు పెట్టి కొన్నా, చెట్ల ఆకులన్నీ పిండి కలిపి రాసినట్టు ఉన్నాయి, గుర్రం మీద పోతుంటే దారి పక్కన ఇళ్ళు మనం దగ్గరికి వెళ్ళాక మొలుచుకొస్తున్నాయి, ఇరవై గంటలు ఓపిక పట్టి వదిలేశా.

పీఎస్5 కొనుక్కోవచ్చు కదా అంటారు, నిజమే, కానీ నేను రోజూ గుంటూరు వెళ్ళొస్తా, పోనూ రానూ రైలే, ఇంట్లో టీవీ పిల్లలది. నాకు గేమ్ అంటే చేతిలో పట్టుకునేదే. అందుకే అడుగుతున్నా: మొన్న బయటికొచ్చిన స్పెక్స్‌లో డాక్‌లో (టీవీకి కలిపే స్టాండ్‌లో) 3 టెరాఫ్లాప్స్ (గ్రాఫిక్స్ చిప్ సెకనుకి చేసే లెక్కల కొలత), చేతిలో 1.7 అని ఉంది, పీఎస్5 10 పైన కదా, ఇది ఎటూ చాలదా, లేక పీఎస్4 స్థాయి అనుకోవాలా? ఒకవేళ పీఎస్4 స్థాయి అయితే 2013 నాటి మెషిన్ పవర్‌తో ఇంకో ఆరేడేళ్ళు ఎలా లాగుతారు? రెండేళ్ళు గేములు తెచ్చి తర్వాత వీ యూ (స్విచ్ కంటే ముందటి నింటెండో కన్సోల్) అప్పుడు చేసినట్టు కంపెనీలన్నీ జారుకుంటే నా పరిస్థితి ఏంటి? కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.


షేడర్_శీను:

బ్రో, ముందు ఆ టెరాఫ్లాప్స్ లెక్క పక్కన పెడదాం, దాని వల్లే సగం గొడవ. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. కన్సోల్ హార్డ్‌వేర్‌ని పరీక్షించే డిజిటల్ ఫౌండ్రీ వాళ్ళు ఈ మే మధ్యలో బయటపెట్టిన దాని ప్రకారం ఎన్విడియా టీ239 చిప్, ఆంపియర్ ఆర్కిటెక్చర్, 1536 కుడా కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు), డాక్‌లో 1007 మెగాహెర్ట్జ్, చేతిలో 561. కోర్లని రెండుతో, తర్వాత క్లాక్‌తో గుణిస్తే 3.07, 1.71 టెరాఫ్లాప్స్ వస్తాయి, అంతే, అది కాగితం మీది లెక్క. ఆంపియర్‌లో సగం యూనిట్లు ఫ్లోటింగ్ పాయింట్, ఇంటీజర్ రెండు పనులూ పంచుకుంటాయి కాబట్టి ఆ నంబర్ మొత్తం అన్నివేళలా చేతికి రాదు. అలాగే పీఎస్4 1.84 కూడా పాత జీసీఎన్ ఆర్కిటెక్చర్‌ది, అది తన లెక్కలో ఎంత వాడుకోగలదో అదీ వేరే కథ. అందుకే రెండు వేరు వేరు తరాల చిప్‌లని ఈ ఒక్క అంకెతో పోల్చి ఇది పెద్దది అది చిన్నది అనడం కుదరదు.

పాత స్విచ్‌తో పోల్చు, అది ఒకే కంపెనీ చిప్ కాబట్టి కొంత అర్థం ఉంటుంది. దాంట్లో టెగ్రా ఎక్స్1, 256 కోర్లు, డాక్‌లో 768 మెగాహెర్ట్జ్, 0.39 టెరాఫ్లాప్స్. మెమరీ 4 జీబీ, బ్యాండ్‌విడ్త్ (మెమరీ నుంచి డేటా అందే వేగం) సెకనుకి 25.6 జీబీ. ఇప్పుడు 12 జీబీ ఎల్‌పీడీడీఆర్5ఎక్స్, అందులో 3 సిస్టమ్‌కి పోను 9 గేములకి, బ్యాండ్‌విడ్త్ డాక్‌లో 102, చేతిలో 68. ఎన్విడియా వాళ్ళు ఏప్రిల్‌లో పదింతలు గ్రాఫిక్స్ అని చెప్పుకున్నారు, అది వాళ్ళ మాట, కానీ ఈ లెక్కలు చూస్తే మరీ గాల్లోంచి తీసిన మాట కాదు.

నీ ప్రశ్నకి నా దృష్టిలో అసలు జవాబు మెమరీలోనే ఉంది. నువ్వు చూసిన ఆ పిండి ఆకులు, మొలుచుకొచ్చే ఇళ్ళు, అవి చాలావరకు జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) తప్పు కాదు, 4 జీబీలో సిస్టమ్ పోను మిగిలిన దాంట్లో ఒక ఊరు ఊరంతా కుక్కాలంటే టెక్స్చర్లు కోసెయ్యాల్సిందే. హాగ్వార్ట్స్ లెగసీ పాత స్విచ్‌లో 2023 నవంబర్‌లో వచ్చినప్పుడు అందులోని హాగ్స్‌మీడ్ అనే ఊళ్ళోకి అడుగుపెట్టాలంటే లోడింగ్ స్క్రీన్ పెట్టారు, మిగతా కన్సోల్స్‌లో నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు. స్విచ్ 2 వెర్షన్ వీడియో చూడు, ఆ లోడింగ్ తీసేశారు. పీఎస్4లో 8 జీబీ ఉన్నా గేములకి 5 చిల్లరే దక్కేది, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో 10 ఉంటే 8 దాకా. ఇక్కడ 9. అంటే గేమ్ చెయ్యడానికి కావాల్సిన చోటు ఈసారి ఉంది.

ఇంకోటి డీఎల్‌ఎస్‌ఎస్, అంటే ఏఐతో బొమ్మ రిజల్యూషన్ పెంచే ఎన్విడియా పద్ధతి. దానికి కావాల్సిన టెన్సర్ కోర్లు ఉన్నాయి కాబట్టి తక్కువ రిజల్యూషన్‌లో గీసి పైకి పెంచుకోవచ్చు, పీఎస్4 కి ఆ సౌకర్యం లేదు, పీఎస్5 మామూలు మోడల్‌కి కూడా ఇలాంటి హార్డ్‌వేర్ లేదు. చేతిలో పట్టుకుని ఆడే నీలాంటి వాళ్ళకి దీని లాభం ఎక్కువ, 7.9 అంగుళాల 1080పీ స్క్రీన్ మీద 540 నుంచో 720 నుంచో పెంచిన బొమ్మ బాగానే ఉంటుంది. అయితే "4కే డీఎల్‌ఎస్‌ఎస్ 60 ఫ్రేములు" అని యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళు చూసి నమ్మొద్దు. 2023లో డిజిటల్ ఫౌండ్రీ వాళ్ళే ఆర్‌టీఎక్స్ 2050 ల్యాప్‌టాప్‌ని 750 మెగాహెర్ట్జ్‌కి తగ్గించి, ఈ చిప్ ఎలా ఉండొచ్చో ఊహించి టెస్ట్ చేశారు, 4కే కి పెంచడానికే 18 మిల్లీసెకన్లు పైన పట్టింది. 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కి మొత్తం ఉన్నదే 16.6 మిల్లీసెకన్లు, ఇక బొమ్మ గీసేదెప్పుడు? 1080పీ కి మాత్రం మూడు మిల్లీసెకన్లు చిల్లర, అది హాయిగా సరిపోతుంది. కాబట్టి పెద్ద థర్డ్ పార్టీ గేములు టీవీలో 1080 లేదా 1440 దగ్గర, చాలావాటిలో 30 ఫ్రేములతో ఉంటాయని నా అంచనా.

పీఎస్4 స్థాయేనా అన్నావు. ఒక్క ఉదాహరణ చెప్తా. సైబర్‌పంక్ 2077 పీఎస్4లో 2020 డిసెంబర్‌లో వచ్చినప్పుడు ఎంత ఘోరంగా నడిచిందంటే సోనీ తన స్టోర్ నుంచే తీసేసింది, ఆరు నెలలకి గానీ మళ్ళీ పెట్టలేదు. 2023లో దాని అదనపు కథ ఫాంటమ్ లిబర్టీ వచ్చినప్పుడు పీఎస్4 ని పూర్తిగా వదిలేశారు. అదే ఫాంటమ్ లిబర్టీతో సహా స్విచ్ 2 లో మొదటిరోజే వస్తోంది, డాక్‌లో 1080పీ 30 ఒక మోడ్, 40 ఫ్రేములు ఇంకో మోడ్, చేతిలో పెర్ఫార్మెన్స్ మోడ్ 720పీ 40 అని కంపెనీయే చెప్పింది. పీఎస్4 మొయ్యలేని దాన్ని ఇది మోస్తోందంటే ఇది పీఎస్4 కాదు అనేగా. పైగా మొత్తం గేమ్ 64 జీబీ కార్డులోనే ఉంది.


పాత_కార్ట్రిడ్జ్:

శీను గారు టెక్నికల్ సంగతి బాగా రాశారు, నేను రెండో సగం గురించి చెప్తా ఎందుకంటే వీ యూ ని మొదటి వారంలోనే కొన్నవాళ్ళలో నేనొకణ్ణి. అప్పుడు న్యూజెర్సీలో కొత్తగా ఉద్యోగంలో చేరా, 2012 నవంబర్ 18 న వచ్చింది, నాలుగు రోజులకి తెచ్చుకున్నా, ఆ ఏడాది థాంక్స్‌గివింగ్ సెలవులన్నీ దాంతోనే గడిపా.

అంతకుముందు 2011 ఈ3 గేమింగ్ షోలో గేమ్ కంపెనీ ఈఏ అప్పటి అధిపతి జాన్ రికిటియెల్లో స్వయంగా నింటెండో స్టేజ్ మీదకొచ్చి ఇదివరకెన్నడూ లేని భాగస్వామ్యం అని చెప్పాడు. నేను నమ్మా. తర్వాత ఏం జరిగింది? మొత్తం నాలుగంటే నాలుగు గేములు, మాస్ ఎఫెక్ట్ 3, ఫీఫా 13, మ్యాడెన్ 13, నీడ్ ఫర్ స్పీడ్. మాస్ ఎఫెక్ట్ అయితే మరీ దారుణం, మాకు మూడో భాగం ఒక్కటి ఇచ్చి, అదే నెలలో ఎక్స్‌బాక్స్ 360 లో మూడు భాగాలూ కలిపి ట్రిలజీ అమ్మారు. మూడో కథ మధ్యలోంచి మొదలెట్టమంటే ఎవరు కొంటారు? కొనలేదు, కొనలేదు కాబట్టి ఇంక చెయ్యం అన్నారు. 2013 మే నాటికి వీ యూ కి మా దగ్గర ఏ గేమూ తయారీలో లేదని చెప్పేశారు. ఫీఫా 14 పాత ప్లేస్టేషన్ 2 కి వచ్చింది గానీ వీ యూ కి రాలేదు, ఈ మాట ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

రేమన్ లెజెండ్స్ సంగతి ఇంకా బాధ. 2013 ఫిబ్రవరి 26 న వీ యూ కి మాత్రమే అని చెప్పి, గేమ్ తయారైపోయి, ఇంకో రెండు మూడు వారాల్లో విడుదలనగా సెప్టెంబర్‌కి వాయిదా వేశారు, ఎందుకంటే ఎక్స్‌బాక్స్ 360, పీఎస్3 లలో కూడా ఒకేసారి తేవాలట. కన్సోల్ అమ్ముడుపోవట్లేదని తెలిసిపోయింది వాళ్ళకి.

కానీ తమ్ముడూ, అదే జరుగుతుందని భయపడకు, ఎందుకో చెప్తా. వీ యూ లో ఉన్నది ఐబీఎం పవర్ పీసీ సీపీయూ, మూడు కోర్లు, 1.24 గిగాహెర్ట్జ్. ఏడాది తిరిగేసరికి పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్86 తో, 8 జీబీ మెమరీతో వచ్చాయి, వీ యూ లో గేములకి మిగిలేది ఒక్క జీబీ. అంటే పవర్ తక్కువ అనేది ఒక్కటే కాదు, మొత్తం దారే వేరైపోయింది. కొత్త ఇంజిన్లు దాని వైపు చూడను కూడా చూడలేదు, ఫ్రాస్ట్‌బైట్ ఇంజిన్ టెస్ట్ చేసి ఫలితం బాలేదని వదిలేశారు. ఇప్పుడు స్విచ్ 2 లో ఉన్న ఎన్విడియా జీపీయూ పీసీలో జనం వాడే ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ కుటుంబమే, రే ట్రేసింగ్‌తో సహా, అన్‌రియల్ ఇంజిన్ 5 కి అది కొత్త మొహం కాదు. బలం తక్కువే గానీ భాష అదే.

ఇంక అమ్మకాలు. వీ యూ జీవితకాలం మొత్తం కోటీ 35 లక్షలు. పాత స్విచ్ మొన్న మార్చి చివరికి 15 కోట్లు దాటింది. స్విచ్ 2 ఈ ఆర్థిక సంవత్సరంలోనే కోటిన్నర అమ్ముతామని నింటెండో చెప్తోంది, అంటే వీ యూ జీవితాంతం అమ్మినదానికంటే ఎక్కువ పది నెలల్లో. కంపెనీల మనసు మారేది టెరాఫ్లాప్స్ చూసి కాదు, ఈ అంకె చూసి. 2023 జూన్‌లో అమెరికా కోర్టులో మైక్రోసాఫ్ట్ యాక్టివిజన్‌ని కొనడం మీద కేసు నడిచినప్పుడు యాక్టివిజన్ అప్పటి అధిపతి బాబీ కోటిక్ స్విచ్‌కి కాల్ ఆఫ్ డ్యూటీ తేకపోవడం తన తప్పు అంచనా అని ఒప్పుకున్నాడు. అంతగా అమ్ముడుపోతుందని ఎవరూ అనుకోలేదు. రెండోసారి ఆ తప్పు చెయ్యాలని ఎవరికుంటుంది?


ఓరుగల్లు_ప్లేయర్2:

అన్నలు మీరు చెప్పిందంతా కరెక్టే గని సీపీయూ గురించి ఒక్కలు గూడ మాట్లాడ్తలేరు. జీపీయూ తక్కువుంటే రిజల్యూషన్ తగ్గిస్తరు, నీడలు తగ్గిస్తరు, డీఎల్‌ఎస్‌ఎస్ పెడ్తరు, ఏదో ఒకటి జేస్తరు. సీపీయూ తక్కువుంటే ఏం జేస్తరు? రోడ్డు మీద మనుషులను తగ్గించాలె, బండ్లను తగ్గించాలె, గప్పుడు గేమే మారిపోతది.

గా లీక్‌ల ఏముందో చూడుండ్రి, ఏ78సీ కోర్లు ఎనిమిది, అండ్ల రెండు సిస్టమ్‌కే, గేముకు ఆరే. డాక్‌ల 998 మెగాహెర్ట్జ్, చేతిలో పట్టుకుంటే 1100. పీఎస్5 ల జెన్ 2 మూడున్నర గిగాహెర్ట్జ్. మూడు రెట్లు క్లాక్ తేడా, దాంట్ల మళ్ళ థ్రెడ్లు డబుల్. 60 ఫ్రేముల గేమ్ పీఎస్5 మీద సీపీయూ నిండా వాడుకుంటే దాన్ని ఇక్కడ 30 జేసినా సరిపోతదా అని నా డౌట్.

జీటీఏ 6 చూడుండ్రి, పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ పేర్లే ఉన్నయి, స్విచ్ 2 పేరు ఏడ లేదు. కాల్ ఆఫ్ డ్యూటీ పదేండ్ల ఒప్పందం మైక్రోసాఫ్ట్, నింటెండో 2023 ఫిబ్రవరిల సంతకం పెట్టుకున్నరు, ఏప్రిల్ 2 డైరెక్ట్‌ల (నింటెండో ప్రకటనల వీడియోల) ఒక్క ముక్క చూపెట్టలే. చూపెట్టినయి చూస్తే ఎల్డెన్ రింగ్, సైబర్‌పంక్, స్ట్రీట్ ఫైటర్ 6, హిట్‌మ్యాన్, మంచియే, నాకు గూడ ఇష్టమే, గని అన్ని పాతయి. పాత గేములు రావడం వేరు, కొత్తది వచ్చిన రోజే దీంట్ల గూడ రావడం వేరు. బోర్డర్‌ల్యాండ్స్ 4 మిగతా అన్నిట్ల సెప్టెంబర్‌ల అని, దీనికి తర్వాత అన్నరు. నాకైతే గదే లెక్క మొత్తం కనిపిస్తున్నది, ఒక్కోటి ఆర్నెళ్ళు ఏడాది లేటుగ వస్తది. నువ్వు దానికి రెడీగుంటే తీస్కో తమ్మీ, లేకుంటే జర ఆగు.


షేడర్_శీను:

ఓరుగల్లు అన్నా, సీపీయూ మాట నిజమే, నేను రాయకపోవడం తప్పు. ఒక్క సవరణ: పీఎస్4 జాగ్వార్ కోర్లు 1.6 గిగాహెర్ట్జ్ అయినా చాలా బలహీనమైన కోర్లు, ఏ78 ఒక్కో క్లాక్‌కి వాటికంటే చాలా ఎక్కువ పని చేస్తుంది కాబట్టి 1 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పీఎస్4 కంటే మెరుగు. కానీ పీఎస్5 తో పోలిస్తే నువ్వన్నట్టు మధ్యలో పెద్ద అగాధమే. జీపీయూలో తేడాని డీఎల్‌ఎస్‌ఎస్ పూడుస్తుంది, సీపీయూలో తేడాని పూడ్చేది ఏదీ లేదు. అందుకే 30 ఫ్రేముల గేములు ఎక్కువ ఉంటాయంటున్నా.

పాతవే వస్తున్నాయి అన్నావు, అన్నీ కాదు. స్ప్లిట్ ఫిక్షన్ ఈ మార్చిలో వచ్చింది, పీఎస్4 కి లేదు, పీఎస్5, సిరీస్, పీసీ మాత్రమే. అన్‌రియల్ 5 లో చేసిన గేమ్, పైగా ఇద్దరు ఆటగాళ్ళకి స్క్రీన్ రెండుగా చీలిపోతుంది, అంటే రెండు బొమ్మలు ఒకేసారి గియ్యాలి. అది జూన్ 5 నే వస్తోంది. నేను దాని రివ్యూ కోసమే ఎదురుచూస్తున్నా, సైబర్‌పంక్ కంటే నాకు అదే అసలు పరీక్షలా కనిపిస్తోంది. హిట్‌మ్యాన్ కూడా చూడు, మూడో భాగం పాత స్విచ్‌లో 2021లో క్లౌడ్ వెర్షన్ మాత్రమే, అంటే గేమ్ ఎక్కడో సర్వర్‌లో నడుస్తుంటే మనకి వీడియో వస్తుంది. ఇప్పుడు అదే గేమ్ మెషిన్‌లోనే నడుస్తుంది. క్లౌడ్ అనే పదం ఈసారి డైరెక్ట్‌లో పెద్ద గేముల పక్కన కనపడకపోవడమే నాకు పెద్ద మార్పు.


బెజవాడ_హ్యాండ్‌హెల్డ్:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. పాత కార్ట్రిడ్జ్ గారూ, మీ మాస్ ఎఫెక్ట్ సంగతి చదివి నిజంగా బాధేసింది. ఇంకో రెండు అడుగుతా. ఒకటి, చేతిలో ఆడితే క్లాక్ సగానికి పడిపోతోంది కదా, నేను తొంభై శాతం చేతిలోనే ఆడతా, మరి ఈ పోర్టులన్నీ (వేరే కన్సోల్స్ నుంచి దీనికి తెచ్చిన గేములు) టీవీలో చూపించి మురిపించి రైల్లో ఏడిపిస్తాయా? రెండోది ఆ గేమ్ కీ కార్డు ఏంటి, డబ్బా కొంటే లోపల గేమ్ ఉండదట, డౌన్‌లోడ్ చేసుకోవాలట, మన దగ్గర ఈషాప్ (నింటెండో ఆన్‌లైన్ స్టోర్) లేదు, నేను అమెరికా అకౌంట్‌తో గిఫ్ట్ కార్డులు వేసుకుని వాడుతున్నా, అది నడుస్తుందా?


బగ్‌రిపోర్ట్:

నమస్తే అండీ, ఈ థ్రెడ్ రెండ్రోజుల నుంచి చదువుతున్నా, చేతిలో ఆడే ప్రశ్న వచ్చింది కాబట్టి రాస్తున్నా. నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో టెస్టింగ్ చేస్తా, బయట కంపెనీల గేములు ఒక కన్సోల్ నుంచి ఇంకో కన్సోల్‌కి తీసుకెళ్ళే పని మా టీమ్‌ది. స్విచ్ 2 డెవలపర్ కిట్ మా దగ్గరకి రాలేదు కాబట్టి దాని లోపలి సంగతులేవీ నేను చెప్పట్లేదు, పాత స్విచ్ మీద, సిరీస్ ఎస్ మీద నేను చూసిందే చెప్తా.

పోర్ట్ అనగానే అందరూ టీవీ గురించే ఆలోచిస్తారు గానీ, మాకు పని మొదలయ్యేది చేతిలో పట్టుకునే మోడ్ నుంచే. ఎందుకంటే అది కింది అంచు. అక్కడ నడిస్తే డాక్‌లో ఎలాగూ నడుస్తుంది, రిజల్యూషన్ పెంచితే చాలు. కాబట్టి డాక్‌లో చేసి చేతికి వదిలేస్తారు అనే భయం అక్కర్లేదు, కనీసం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసే టీములు అలా చెయ్యవు. క్లాక్ సగమైందని ఆట సగమవ్వదు అండీ, గియ్యాల్సిన పిక్సెళ్ళు కూడా తగ్గుతాయి కదా, డాక్‌లో 1080 గీసే గేమ్ చేతిలో 720 గీస్తే పిక్సెళ్ళు సగం కంటే తక్కువే. విచర్ 3 పాత స్విచ్‌లో 2019లో వచ్చినప్పుడు చేతిలో 540 దగ్గర నడిచేది, మసకగా ఉండేది, కానీ గేమ్ మొత్తం ఉంది, అది 32 జీబీ కార్డులో పట్టించారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి దాన్నే చూపిస్తాం.

నేను ఎక్కువ రాత్రులు కూర్చున్నది ఫ్రేమ్ రేట్ మీద కాదు, మెమరీ మీద. గేమ్ గంట, గంటన్నర బాగా ఆడుతుంది, తర్వాత ఏదో ఒక మూల తిరగ్గానే పడిపోతుంది. ఎందుకు పడిందో వెతకాలంటే మళ్ళీ అదే గంటన్నర ఆడాలి. ఒకే మూలకి నేను నలభై సార్లు నడిచిన వారం ఉంది. అప్పుడు ఎవరైనా వచ్చి ఇంకో అర జీబీ ఇస్తానంటే కళ్ళకద్దుకునేదాన్ని. 4 నుంచి 12 అంటే బయటవాళ్ళకి ఒక అంకె, మాకు మాత్రం కొన్ని నెలల పని మిగిలినట్టు.

ఇంకో సంగతి ఎవరూ అనలేదు. ఈ ఐదేళ్ళలో ఎక్స్‌బాక్స్‌కి గేమ్ చెయ్యాలంటే వాళ్ళ చిన్న మోడల్ సిరీస్ ఎస్ మీద కూడా నడిచి తీరాలి అని మైక్రోసాఫ్ట్ నియమం. అది చాలామంది డెవలపర్లకి తలనొప్పి అయింది, బాల్డర్స్ గేట్ 3 పీఎస్5లో 2023 సెప్టెంబర్‌లో వస్తే ఎక్స్‌బాక్స్‌కి డిసెంబర్ దాకా రాలేదు, సిరీస్ ఎస్‌లో స్ప్లిట్ స్క్రీన్ కుదరక చివరికి అది లేకుండానే వదిలారు. కానీ దాని వల్ల ఒక మేలు జరిగింది. కొత్త గేముల్లో చాలావాటికి 4 టెరాఫ్లాప్స్, 8 జీబీ దగ్గర నడిచే సెట్టింగులు ఇప్పటికే తయారుగా ఉన్నాయి. చేతిలో పట్టుకునే పీసీ స్టీమ్ డెక్ కోసం చూసుకున్న పని కూడా ఉంది, అది 1.6 టెరాఫ్లాప్స్ మెషిన్. స్విచ్ 2 కి రావాలంటే కొండ మీద నుంచి దూకక్కర్లేదు, సగం మెట్లు ముందే కట్టి ఉన్నాయి. పాత స్విచ్‌కి పీఎస్4 నుంచి దిగడం కంటే ఇది తేలిక అని నా నమ్మకం. సీపీయూ విషయంలో మాత్రం వరంగల్ అన్నతో ఏకీభవిస్తా, సిరీస్ ఎస్ సీపీయూ పీఎస్5 స్థాయిదే, అక్కడ మెట్లు లేవు.

గేమ్ కీ కార్డు అంటే మీరు విన్నదే, కార్డులో తాళంచెవి మాత్రమే ఉంటుంది, మొదటిసారి నెట్ పెట్టి మొత్తం దించుకోవాలి, తర్వాత ఆడాలంటే కార్డు లోపల ఉండాలి. తిరిగి అమ్ముకోవచ్చు, అదొక్కటే డిజిటల్ కంటే మేలు. డబ్బా ముందు వైపు కింద రాసి ఉంటుంది, కొనేముందు మీ అన్నయ్యని చూడమనండి. లోపల స్టోరేజ్ 256 జీబీ, నిండితే పాత మైక్రో ఎస్‌డీ కార్డులో గేములు పెట్టుకోవడం కుదరదు, మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కావాలి, ఇక్కడ దొరకడం కష్టం కాబట్టి అది కూడా అక్కడి నుంచే చెప్పండి.


ఓరుగల్లు_ప్లేయర్2:

అక్కా మస్తు చెప్పినవ్. సిరీస్ ఎస్ పాయింట్ నాకు తట్టలే, నిజమే అది. నేను ఆగుతా అన్న మాట మీదనే ఉన్న గని నా కారణం వేరే, నాకు ఇంట్ల పీఎస్5 ఉన్నది. చేతిల ఆడేటోనికి లెక్క వేరే ఉంటది. ఒకటి యాది పెట్టుకో తమ్మీ, బ్యాటరీ రెండు గంటల నుంచి ఆరున్నర అని నింటెండోనే చెప్పింది, సైబర్‌పంక్ అసొంటి గేమ్ పెడ్తే ఆ రెండు గంటల సైడే ఉంటది. బెజవాడ గుంటూరు రైలుకు సరిపోతది గని ఛార్జర్ సంచిల ఉంచుకో.


పాత_కార్ట్రిడ్జ్:

ఒక్క మాట కలుపుతా. థర్డ్ పార్టీ నిలబడాలంటే మనం కూడా కొనాలి. వీ యూ రోజుల్లో మేమందరం నింటెండో గేములే కొన్నాం, బయటి గేమ్ ఏదైనా వస్తే పక్క కన్సోల్‌లో ఇంకా బాగుంటుందిలే అని వదిలేశాం, నేనూ అదే చేశా. స్విచ్ 2 మొదటి క్రిస్మస్‌కి సైబర్‌పంక్, స్ప్లిట్ ఫిక్షన్ లాంటివి ఎన్ని అమ్ముడుపోతాయన్నదే 2027లో ఏ గేములు వస్తాయో తేలుస్తుంది. ఎల్డెన్ రింగ్ చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తన కొత్త గేమ్ ద డస్క్‌బ్లడ్స్ ని దీనికి మాత్రమే చేస్తున్నారంటే వాళ్ళు ఒక పందెం కాశారు, అలాంటిది వీ యూ కి బయటి కంపెనీల నుంచి చాలా అరుదు.

ఇంకోటి తమ్ముడూ, జపాన్ నుంచి ఎవరైనా 49,980 యెన్‌లకే తెస్తామంటే తీసుకోకు, అది జపనీస్ భాషకి మాత్రమే లాక్ చేసిన మోడల్.


బెజవాడ_హ్యాండ్‌హెల్డ్:

ఇప్పుడే అన్నయ్యకి ఫోన్ చేశా. మెషిన్ ఒకటి, 256 జీబీ ఎక్స్‌ప్రెస్ కార్డు ఒకటి చెప్పా. గేముల్లో సైబర్‌పంక్ ఒక్కటే చెప్పా, అది మొత్తం కార్డులోనే ఉందన్నారు కాబట్టి. స్ప్లిట్ ఫిక్షన్ మాత్రం శీను అన్న రివ్యూ చూసి చెప్తానంటే దాని ప్రకారం మా ఆవిడతో కలిసి ఆడటానికి తీసుకుంటా. బగ్‌రిపోర్ట్ గారూ, ఆ నలభై సార్లు నడిచిన మూల ఏ గేమ్‌దో మీరు చెప్పకూడదని తెలుసు, కానీ ఈసారి ఏ గేమ్‌లో గోడ పక్కన తిరిగినా మీరే గుర్తొస్తారు. జులైలో వచ్చాక రైల్లో సైబర్‌పంక్ ఎన్ని ఫ్రేములతో ఆడుతోంది, బ్యాటరీ ఎంతసేపు వచ్చింది, రెండూ ఇక్కడే రాస్తా.